ఎవరి బరువుకి

మెకానిక్ జోజో షెడ్డులో కారు, కిందికి దిగి పనిచేసే గుంత మీదికి ఎక్కాక దాని సొంతదారు లోపలే కూర్చోవాలి. వేరే షెడ్లలో డ్రైవరు సీట్లో ఇసుక సంచులు పడేసి పని కానిస్తారు, కొందరు అదీ చెయ్యరు, ఖాళీ కారుకే చక్రాలు సరిచేసి పంపేస్తారు. జోజో ఒప్పుకోడు. మామూలు కారు ఎలాగో సర్దుకుంటుంది, నేలకి తగిలేంత కిందికి దించిన కారు సర్దుకోదు, దాని స్ప్రింగులు పొట్టివి, గట్టివి, మనిషి ఎక్కితే ఒకలా నిలబడుతుంది, దిగితే ఇంకోలా నిలబడుతుంది, అందుకని ఎవరు తోలతారో వాళ్లే కూర్చోవాలి, సంచి మనిషిలా కూర్చోదు, అంటాడు. ఏటా వసంతంలో కొండల మీద మంచు కరిగి రోడ్లలో గుంతలు బయటపడ్డాక రిఫత్ ఈ సీట్లో ఒక గంట కూర్చుంటాడు, ఎదురుగా గోడ, గోడకి మేకులు, మేకులకి పానాలు, కింద గుంతలో జోజో దగ్గు. ఈసారి కూడా కూర్చున్నాడు. చేతులు స్టీరింగ్ మీద, కాళ్లు పెడల్స్ పక్కన. సీటు వెనకాల, కాళ్లు పెట్టుకునే చోట, తన పాత కోటు కింద, బాత్రూం టైల్స్ అంటించే పొడి సంచి ఉంది. పొద్దున భార్య హైరియా బజారుకి వెళ్లాక దాన్ని బేస్‌మెంటు నుంచి పైకి తెచ్చాడు. మెట్ల మధ్యలో రెండుసార్లు దించి గోడకి చేరగిలబడ్డాడు. సంచి మీద అచ్చేసిన బరువు చూశాడు, ఇంచుమించు సరిపోతుంది అనుకున్నాడు, తననుంచి పోయినదానికి.

పోయిందని మొదట గమనించింది హైరియా. సంతోషపడింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె అతని పొట్ట మీద యుద్ధం చేస్తూనే ఉంది, మాంసం కూరిన బురెక్ మానెయ్యి, రాత్రి రొట్టె మానెయ్యి, చక్కెర లేకుండా కాఫీ తాగు, ఏదీ పనిచెయ్యలేదు, ఇప్పుడు చెప్పకుండానే ప్లేటు పక్కకి జరిపేస్తున్నాడు. ఆమె అక్కకి ఫోన్ చేసి చెప్పింది, మా ఆయన మాట విన్నాడే చివరికి. మెట్ల మీద ఎదురైన పక్కింటివాళ్లు ఆపి మెచ్చుకున్నారు, ఏం తింటున్నావో చెప్పు, మా వాడికీ పెడతాం. కూరగాయలు, నడక, అన్నాడు రిఫత్. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తనకే తెలియదు, నోట్లో సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. ఒకసారి అన్నాక రెండోసారి తేలికైంది. డాక్టరమ్మ కూడా అదే అడిగింది, వయసులో అతని కూతురికంటే చిన్నది, కావాలని తగ్గారా, దానంతటదే తగ్గిందా. కావాలనే, అన్నాడు. ఆమె రాసుకోవడం ఆపి అతని మొహంలోకి చూసింది. దానంతటదే, అన్నాడప్పుడు. ఊరు మొత్తంలో ఆ ఒక్క గదిలోనే నిజం చెప్పాడు, ఆ గదిలో కూడా రెండో ప్రయత్నంలో.

కింద నుంచి పానా ఇనుముకి తగిలిన చప్పుడు. కారు ముక్కు కొద్దిగా ఊగింది.

"ఈ నట్టు నీలాగే ఉందిరా, పట్టుకుంటే వదలదు," అన్నాడు జోజో గుంతలోంచి. "నూనె పోశాను. నానాలి. ఊపిరి మాత్రం పీల్చుకో, ఇంకేం చెయ్యకు."

"ఇంత మాట్లాడే మెకానిక్ బోస్నియా మొత్తంలో నువ్వొక్కడివే."

"మాట్లాడనివాళ్ల దగ్గరికి వెళ్లకపోయావా? వాళ్లకి నీ డబ్బాని చూస్తే ఏడుపొస్తుంది. దీని కింద చీమ వెళ్లాలన్నా వంగి వెళ్లాలి."

రిఫత్ నవ్వాడు. నవ్వితే పక్కటెముకల కింద లాగింది, నవ్వు ఆపాడు. బయట పెరట్లో, ద్రాక్ష పందిరి కింద రేకు బల్ల దగ్గర కూతురు సనేలా కాఫీ తాగుతోంది, ఎడమ పక్క అద్దంలో ఆమె వీపు, చెవి కనిపిస్తున్నాయి. తండ్రితో వచ్చి ఇక్కడ కూర్చోవడం ఆమెకి పదేళ్ల వయసు నుంచీ అలవాటు. అప్పుడు ఆమెకి కాఫీ ఇచ్చేవాళ్లు కాదు, చక్కెర ముక్క కాఫీలో ముంచి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు పళ్ల డాక్టర్లకి కట్టుడుపళ్లు చేసే చోట పని చేస్తోంది, వెంట్రుకంత తేడా వచ్చినా పట్టుకుంటుంది, తండ్రి నడుముకి వచ్చిన తేడాని మాత్రం, పెళ్లికొడుకులా ఉన్నావు నాన్నా, అని వదిలేసింది. వదిలేసిందా. పోయిన ఆదివారం ఇద్దరూ కలిసి కొత్త సస్పెన్షన్ బిగించారు, జర్మనీ నుంచి తెప్పించిన సెట్టు, ఎత్తు ఎంత కావాలంటే అంత తిప్పి పెట్టుకునేది, పాతవాటి షాక్ అబ్సార్బర్లు నూనె కారుస్తున్నాయి. ఎప్పుడూ బరువు రిఫత్ మోసేవాడు, సనేలా బోల్టులు అందించేది. ఆదివారం ఆమే మోసింది. మధ్యలో అతను విప్పిన చక్రం మీద కూర్చుండిపోయాడు. ఆమె పానా పట్టుకుని కొంచెంసేపు నిలబడింది, అతని చేతిలో ఉన్న బోల్టు తీసుకుని తనే బిగించింది. ఆ కొంచెంసేపు ఏమనుకుందో అతను అడగలేదు. అడిగితే ఆమె కూడా ఏదో ఒకటి అడుగుతుంది.

ఇంతకుముందు ఒకసారి, యుద్ధంలో ఊరిని చుట్టుముట్టినప్పుడు, ఇలా చిక్కిపోయాడు. అప్పుడు ఊరంతా చిక్కిపోయింది. చుట్టూ కొండల మీద ఫిరంగులు, కింద జనం, బీరు ఫ్యాక్టరీ ఊట దగ్గర నీళ్ల క్యాన్ల వరస, అందరి మెడలూ కాలర్లలో వదులుగా తిరిగేవి. బెల్టుకి కొత్త చిల్లు మేకుతో కొట్టుకునేవాళ్లు, ఒకరి చిల్లులు ఒకరికి చూపించుకుని నవ్వుకునేవాళ్లు, నాకు నాలుగు, నాకు ఐదు, నువ్వు తిండిబోతువి కాబట్టి నీకు మూడే. అప్పుడు ఎవరూ ఎవరినీ మెచ్చుకోలేదు. చిక్కడానికి కారణం ఏమిటో అందరికీ తెలుసు, అది కొండ మీద ఉంది, చేత్తో చూపించొచ్చు. యుద్ధం ఆగాక ఏడాదిలో రిఫత్ తన బరువు తను తెచ్చుకున్నాడు, ఇంకొంచెం వడ్డీతో తెచ్చుకున్నాడు. హైరియా పొయ్యి ముందు నిలబడి ఏడుస్తూ వండేది, అతను కూర్చుని తినేవాడు, సనేలా అతని ఒళ్లో ఉండేది. పోయింది తిరిగి వస్తుంది, అది అతను కళ్లారా చూసిన విషయం. వస్తుంది కాబట్టే సంచి పెట్టాడు. అబద్ధం కాదు, అనుకున్నాడు పొద్దున మెట్ల మీద చేరగిలబడి, ఇది ముందుగా పెట్టుకున్న బరువు, శీతాకాలానికి నేనే దాని చోటికి వస్తాను, అప్పటిదాకా సంచి కూర్చుంటుంది. సోమవారం హాస్పిటల్లో చేరాలి. చేరేముందు కారు సరిగ్గా నిలబడి ఉండాలి. ఎందుకుండాలో ఎవరైనా అడిగితే చెప్పలేడు, స్నానం చేసి బట్టలు మార్చుకుని వెళ్లడం లాంటిది, అంతే.

జోజో గుంతలోంచి పైకి వచ్చాడు. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కాడు, ఇద్దరిదీ ఒకటే వయసు, వోగోష్చా కార్ల ఫ్యాక్టరీలో ఒకటే షిఫ్టు, జోజో ముందు చక్రాలు బిగించేవాడు, రిఫత్ తలుపులు. గొలుసు మీద కార్లు వరసగా వచ్చేవి, తలుపు లేని కారు వచ్చి తలుపున్న కారై వెళ్లేది. ఈ గోల్ఫ్ కారు కూడా అక్కడిదే. తన చేతి కింద నుంచి వెళ్లిన కారో కాదో తెలియదు, తెలుసుకోవాలని ఒకప్పుడు ఉండేది. గోల్ఫ్‌లలో రెండో తరంది కాబట్టి జనం దీన్ని రెండోది అంటారు, రెండోది ఉందా, నీ రెండోది అమ్ముతావా, గోల్ఫ్ అన్న మాట కూడా అక్కర్లేదు. నేలకి దించింది యుద్ధం అయ్యాక. అప్పటికి నలభై దగ్గర పడుతున్నాడు, కుర్రాళ్లు చేసే పని, హైరియా రెండు రోజులు మాట్లాడలేదు. ఎందుకు దించాడో అడిగితే అందంగా ఉంటుంది అనేవాడు. అందమే. కానీ మొదటిసారి దించి ఊళ్లో తోలినప్పుడు రోడ్డు మొత్తం వీపుకి తెలిసింది, ప్రతి రాయీ, ప్రతి అతుకూ, గుండ్లు పడ్డచోట పూడ్చిన ప్రతి మచ్చా. ఎక్కడ ఏం పడిందో అతనికి గుర్తుంది. మిగతావాళ్లు మెత్తని సీట్లలో దాని మీదుగా వెళ్లిపోయేవాళ్లు, అతనికి వెళ్లిపోవాలని లేదు.

జోజో నాలుగు చక్రాల దగ్గరా వంగి, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేళ్లు పెట్టి చూస్తున్నాడు. ముందు కుడి. వెనక కుడి. వెనక ఎడమ దగ్గర ఆగాడు, మళ్లీ పెట్టాడు. ముందు ఎడమకి వచ్చాడు, రిఫత్ మోచేతికి అవతలే అతని బట్టతల.

"ఇదేంట్రా?"

"ఏది?"

"ముందు లేచింది, వెనక కూలబడింది. ఎడమ పక్కే. నువ్వు కూర్చుంటే ముందు దిగాలి కదా, ఏళ్ల తరబడి చూస్తున్నాను, నీ వెనకభాగం నాకు నీ పెళ్లానికంటే బాగా తెలుసు."

"కొత్త స్ప్రింగులు. ఇంకా కుదురుకోలేదేమో."

"స్ప్రింగు కుదురుకోకపోతే అంతా లేస్తుంది. ఒక మూల కూలబడదు. ఎత్తు సరిగ్గా తిప్పావా? అమ్మాయి తిప్పిందా?"

"అమ్మాయి."

"అయితే సరిగ్గానే ఉంటుంది. డిక్కీలో ఏమైనా ఉందా?"

అతను వెనక్కి వెళ్లి డిక్కీ తెరిచాడు. ఏమీ లేదు, రిఫత్ నిన్ననే ఊడ్చి తుడిచాడు, అందులో ఏమైనా ఉంటే జోజో చూస్తాడని. సీటు వెనక పెడితే చూడడనుకున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చోలేడు కదా. ఇంత కాలం కార్లు చేసి, కార్లు దించి, బరువు ఎక్కడ పడితే అక్కడ చక్రం వంగుతుందని తెలిసి, తన బరువుని తన వెనకాల పెట్టాడు. ఇంత చిన్న సంగతి ఎలా తోచలేదు. తోచలేదు, ఎందుకంటే ఆ పొద్దున అతను కారు గురించి ఆలోచించలేదు, జోజో చూపు గురించి ఆలోచించాడు. డిక్కీ మూసుకుంది. చెప్పుల చప్పుడు. వెనక తలుపు తెరుచుకుంది, కోటు పక్కకి లాగిన చప్పుడు. అద్దంలోకి చూస్తే జోజో మొహం కనిపిస్తుంది. రిఫత్ గోడ మీది పానాలు చూశాడు. పెద్దదాని పక్కన చిన్నది, దాని పక్కన ఇంకా చిన్నది.

"బాత్రూం పని పెట్టావా?" అన్నాడు జోజో.

"ఆఁ."

"టైల్స్ ఏ రంగు?"

టైల్స్ ఏ రంగు. హైరియా పాతికేళ్లుగా నీలం కావాలంటోంది. నోట్లో ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి కదా, కూరగాయలు, నడక, లాగా. లేదు.

జోజో సమాధానం కోసం ఆగలేదు. సంచిని రెండు చేతులా ఎత్తి గోడవారగా పెట్టాడు. బరువు దిగగానే వెనక భాగం లేచింది, ఒక వేలంత, అంతకంటే ఎక్కువ కాదు, అయినా నేలకి దించిన కారులో వేలంత అంటే వీపుకి తెలుస్తుంది, కింద నుంచి ఎవరో పైకి ఎత్తినట్టు రిఫత్ లేచాడు. ఇదన్నమాట ఇప్పటి నా ఎత్తు, అనుకున్నాడు. జోజో ముందుకి వచ్చి బానెట్ మీద రెండు చేతులూ ఆనించి రెండుసార్లు నొక్కి వదిలాడు, కారు ఊగి నిలబడింది. మళ్లీ వేళ్లు పెట్టి చూశాడు. కిటికీ దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు, ఈ కారులో కూర్చున్నవాడి మొహం చూడాలంటే ఎవరైనా అలాగే కూర్చోవాలి.

"కూరగాయలు అన్నారు అందరూ," అన్నాడు. గొంతు తగ్గించాడు. "నేనూ నమ్మాను. నువ్వు కూరగాయలు తింటావంటే నమ్మాను చూడు, అంత గాడిదని."

రిఫత్ స్టీరింగ్ మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎక్కడ?"

రిఫత్ పొట్ట మీద చెయ్యి పెట్టాడు.

"హైరియాకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు.

జోజో పందిరి వైపు చూశాడు, మళ్లీ ఇటు చూశాడు. "అమ్మాయికీ తెలియదు," అన్నాడు తనే. చాలాసేపు చేతుల గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడిగా. "విను. నేను డాక్టర్ని కాదు, చర్చి ఫాదర్ని కాదు, మీ మసీదు హోజాని అసలే కాదు. నాకు తెలిసింది చక్రాలు. పాత బరువుకి పెట్టమంటే పెడతాను, సంచి నీ ఒళ్లోకి ఎత్తుతాను, దాన్ని కౌగిలించుకుని కూర్చో. ఇప్పటి బరువుకి పెట్టమంటే పెడతాను. కానీ ఎవరు తోలతారో చెప్పు. రేపు కాదు. ఈ వేసవి. ఎవరు తోలతారు?"

ఎవరు తోలతారు. డాక్టరమ్మ చెప్పినవి గుర్తు చేసుకోబోతే వరస తప్పి వచ్చాయి, ముందు కత్తి, తర్వాత మందు, లేదా ముందు మందు, ఈ వేసవి అంతా, డ్రైవింగ్ వద్దు, చేతులకి తిమ్మిరి ఉంటుంది, తర్వాత చూద్దాం. చూద్దాం అన్నప్పుడు ఆమె కాగితాలు సర్దింది. అతను అడగదలుచుకున్నది ఒకటే, పోయింది తిరిగి వస్తుందా, వెనకటిలా, అడగలేదు, ఎందుకంటే ఆమె అప్పటికి పుట్టి ఉండదు, వెనకటిలా అంటే ఆమెకి ఏం తెలుస్తుంది. ఈ వేసవి సనేలా తోలుతుంది. పాత బరువుకి పెట్టిన కారు సనేలా తోలితే ఏమవుతుంది. పెద్దగా ఏమీ కాదు. ఎడమ ముందు చక్రం కొంచెం తప్పుగా నిలబడుతుంది, ముందు చక్రాలు రెండూ రోడ్డుని చూడాల్సింది పోయి ఒకటి పక్కకి చూస్తుంది, కారు మెల్లగా ఒక పక్కకి లాగుతుంది, చాలా మెల్లగా, తోలేవాళ్లు తెలియకుండానే స్టీరింగ్‌ని రెండో పక్కకి పట్టి ఉంచుతారు. దూరం వెళ్లాక భుజం నొప్పి పుడుతుంది. ఎందుకో తెలియదు, పడుకున్న తీరు బాగోలేదేమో అనుకుంటారు. టైరు లోపలి అంచు అరుగుతుంది, బయటికి కనిపించదు. అతను పక్కన లేకపోయినా ఆ పిల్ల అతని బరువుకి ఎదురు పట్టి తోలుతూనే ఉంటుంది, దేనికి ఎదురు పట్టిందో తెలియకుండా. ఆదివారం పానా పట్టుకుని నిలబడిన ఆ కొంచెంసేపు కూడా అదే చేసిందేమో. అప్పటినుంచీ చేస్తూనే ఉందేమో. ఇంట్లో ఈమధ్య ఆమె ముందుగా నిద్రపోవట్లేదు, అతను వంటింట్లోంచి గదిలోకి వెళ్లేదాకా కూర్చుని ఏదో చదువుతూ ఉంటోంది, పేజీ తిప్పిన చప్పుడు రాదు.

రిఫత్ తలుపు తెరిచాడు. ఈ కారులోంచి లేవడం ఎప్పుడూ కష్టమే, చెయ్యి నేలకి దాదాపు ఆనించి లేవాలి, జోజో సాయం పట్టబోయాడు, పట్టనివ్వలేదు, తర్వాత పట్టనిచ్చాడు. గుంత అంచు వెంబడి నడిచి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఎండ కళ్లలో పడింది.

"సనేలా. ఇలా రా."

ఆమె కప్పు బల్ల మీద పెట్టి వచ్చింది. "అయిపోయిందా?"

"నువ్వు కూర్చోవాలి."

"నేనెందుకు? జోజో బాబాయ్, ఈయనకి నడుం పట్టేసిందా?"

"నన్నడక్కమ్మాయ్. కూర్చోమంటున్నాడు, కూర్చో," అంటూ జోజో గుంత మెట్లు దిగాడు. పూర్తిగా దిగేదాకా తల ఎత్తలేదు.

ఆమె తండ్రి మొహం చూసింది. గోడవార సంచి చూసింది, వెనక సీటు మీదికి లాగేసి ఉన్న కోటు చూసింది. వెళ్లి కూర్చుంది. కారు ఆమెకి తగ్గట్టు కొంచెం దిగింది, అతనికి దిగినంత దిగలేదు, దిగిన చోట నిలబడింది. రిఫత్ తలుపు పట్టుకుని, ఇందాక జోజో కూర్చున్నచోట, సిమెంటు మీద మోకాళ్లు ఆనించి కూర్చున్నాడు. ఇప్పుడు ఇద్దరి మొహాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆమె చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి, గోళ్ల కింద పళ్లు చేసే పనిలోని తెల్లటి పొడి. కూరగాయలు, నడక, అన్న మాటలు నోటి దాకా వచ్చాయి. వాటిని పోనిచ్చాడు.

"నేను కావాలని తగ్గలేదు," అన్నాడు.

"తెలుసు," అంది సనేలా.

"సోమవారం చేరమన్నారు."

ఆమె ఎదురుగా చూస్తూనే ఉంది. "ఎన్నింటికి?"

"పొద్దున్నే."

"అమ్మకి ఈ రాత్రి చెప్పాలి. నువ్వే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను."

"సరే."

కింద గుంతలో జోజో పానా ఎక్కడో ఆనించి ఆగిపోయాడు. సనేలా ముంజేత్తో కళ్లు తుడుచుకుంది, కాళ్లు చాపి పెడల్స్ వెతికింది. సీటు రిఫత్ కాళ్ల పొడుగుకి ఉంది, ఆమె పాదం కొసలు మాత్రమే అందుతున్నాయి.

"బాబాయ్, ఆగు," అంది కిందికి వినపడేట్టు. "సీటు ముందుకి జరుపుకుంటాను. ఇలా అయితే నేను తోలలేను."

సీటు కింది కమ్మీ పట్టుకుని లాగింది. పట్టాలు బిగుసుకుపోయి ఉన్నాయి, ఎన్నేళ్లుగానో ఎవరూ జరపలేదు. రిఫత్ లోపలికి వంగి సీటు వీపుకి చెయ్యి ఆనించి తోశాడు. కదల్లేదు. ఇద్దరూ కలిసి తోశారు. సీటు ఒక్కసారిగా ముందుకి జారి నిలబడింది, కారు ముక్కు ఒక వెంట్రుకంత దిగింది, గుంతలో జోజో మొదటి చక్రం దగ్గరికి వెళ్లి మళ్లీ మొదటినుంచి కొలవడం మొదలుపెట్టాడు.